నేలకు విశ్రాంతి

కొండవాగు జిల్లాలో హింస జూన్ పదకొండో తారీఖు మధ్యాహ్నం పన్నెండున్నరకు ఆగిపోయింది. నిమిషంతో సహా ఎలా తెలుసంటే, సరిగ్గా ఆ సమయానికే రాజధాని నుంచి వచ్చిన పెద్దమనుషులు జిల్లా కేంద్రంలో రిబ్బన్ కత్తిరించి, ఒక తెల్ల పావురాన్ని గాల్లోకి వదిలి, "నేటి నుంచి కొండవాగు హింసారహిత జిల్లా" అని మైకులో ప్రకటించారు. పావురం ఎగరలేదు. వేదిక మీదనే నాలుగడుగులు నడిచి బల్ల కిందికి పోయి కూర్చుంది. అయినా ప్రకటన ప్రకటనే కదా, పత్రికల్లో వచ్చేసింది.

ఆ సభలో వెనక వరుసలో కూర్చుని చప్పట్లు కొట్టినవాళ్లలో బండారి స్వరూప ఒకతె. విశ్వవిద్యాలయం సమాజసేవా విభాగంలో ఆమె పరిశోధకురాలు. అంతకుముందు ఎనిమిదేళ్లు మహిళా సలహా కేంద్రంలో పనిచేసింది. ఎదురుగా కూర్చున్న మనిషి చున్నీ ఎందుకు సర్దుకుంటోందో, కుడిచేత్తో తాగాల్సిన నీళ్లు ఎడమచేత్తో ఎందుకు తాగుతోందో అడగకుండానే తెలుసుకోగలిగే మనిషి. పదకొండు రోజుల కిందటే ఆమెకు ఒక పెద్ద పరిశోధన మంజూరైంది. దాని పేరు 'కుటుంబాలలో స్త్రీలపై హింస: పోలీసు, న్యాయస్థానం, పాఠశాలల పాత్ర'. మైకులో ప్రకటన వినగానే ఆమె చేతులు చప్పట్ల మధ్యలోనే ఆగిపోయాయి.

అనుకున్నట్టే మర్నాడు పిలుపు వచ్చింది. 'హింసారహిత జిల్లా సాధన సమితి' కార్యదర్శి ప్రభంజన్ రావు చాలా మర్యాదస్తుడు. కుర్చీ చూపించాడు, టీ తెప్పించాడు. తరువాత గొంతు సవరించుకున్నాడు.

"మీ పరిశోధనాంశాన్ని సమితి కూలంకషంగా పరిశీలించింది మేడమ్. మీ కృషిని మనసారా అభినందిస్తూనే, ఒక సాంకేతిక అంతరాయాన్ని మీ దృష్టికి తీసుకురాదలచాను. మీరు పరిశోధించదలచిన వస్తువు ప్రస్తుతం జిల్లాలో అందుబాటులో లేదు."

"ఏ వస్తువు సార్?"

"హింస."

స్వరూప టీ కప్పు కింద పెట్టింది. "నిన్న ఒక్కరోజే పెద్దాసుపత్రిలో ఆరుగురు ఆడవాళ్లు చేరారు సార్. నేను చూసి వచ్చాను."

"చేరారు, కాదనను. రిజిస్టర్ చూశారా? ఆరుగురూ జారిపడ్డారు. 'కారణం' అనే గడిలో వారు స్వయంగా చెప్పిన మాట అది. ఆమె చెప్పిన మాటను యథాతథంగా నమ్మాలని మీ శాస్త్రమే కదా బోధిస్తుంది! సమితి కూడా నమ్ముతోంది."

స్వరూప ఎనిమిదేళ్లపాటు తానే పదిమందికీ శిక్షణ తరగతుల్లో చెప్పిన వాక్యం అది.

"మీ ప్రాజెక్టును రద్దు చేయడం మా ఉద్దేశం ఎంతమాత్రం కాదు" అన్నాడు ప్రభంజన్ రావు ఎంతో దయగా. "ఒక్క పదం సవరించుకుంటే చాలు. 'హింస' అని ఉన్న ప్రతిచోటా 'జారుడు' అని పెట్టుకోండి. కంప్యూటర్‌లో అర నిమిషం పని."

అర నిమిషం కూడా పట్టలేదు. స్వరూప ప్రతిపాదన అరవై పేజీలూ క్షణంలో మారిపోయాయి. 'స్త్రీలపై జారుడు', 'మానసిక జారుడు', 'జారుడుకు పాల్పడిన వ్యక్తులు', 'తరతరాలుగా సంక్రమించే జారుడు' అంటూ అధ్యాయాలు తయారయ్యాయి. చివరి పేజీలో సభల కోసం కొత్తగా కట్టిన అహింసా భవనం చిరునామా ఉండేది. అది 'అజారుడు భవనం' అయి కూర్చుంది. ఆమె దాన్ని దిద్దలేదు. ఆ ఊళ్లో ఆ పేరే స్థిరపడింది.

*

మొదటి ఫారాల కట్ట తీసుకుని స్వరూప పెద్దాసుపత్రికి వెళ్లింది. అక్కడ ఆడవాళ్ల వార్డు చూసుకునే నర్సు ఎస్తేరమ్మ. ఇరవై ఆరేళ్లుగా ఆ వార్డులో కట్లు కట్టింది. నోరు కాస్త పదునే గాని చెయ్యి మహా మెత్తన. ఆమె స్వరూపను కిటికీ పక్క మంచం దగ్గరికి తీసుకుపోయింది.

మంచం మీద ఇరవై తొమ్మిదేళ్ల మనిషి కూర్చుని ఉంది. పేరు రజిత. బీడీ కాలనీలో ఉంటుంది, బీడీలు చుడుతుంది. ఎడమ చెంప మీద నాలుగు వేళ్లు విడివిడిగా, లెక్కపెట్టడానికి వీలుగా తేలి ఉన్నాయి.

"ఎట్ల జారినవ్ బిడ్డా?" అని ఎస్తేరమ్మే అడిగింది.

"సబ్బు మీద కాలేసిన సిస్టరమ్మా."

"సబ్బుకు వేళ్లుంటయని నాకిన్నేండ్లు ఎర్కలేకపాయె" అంటూ ఎస్తేరమ్మ దూది తీసుకురావడానికి వెళ్లిపోయింది.

స్వరూప ఫారం తీసింది. దాన్ని సమితే అచ్చు వేయించింది. జారిన స్థలం: బాత్రూమ్, మెట్లు, ఇతర తడి ప్రదేశాలు.

"ఎక్కడ జారినవ్ రజితా?"

"బాత్రూంల మేడం."

"మీ ఇంట్ల బాత్రూం ఉన్నదా?"

"లేదు మేడం."

"మరి?"

"మెట్ల మీద రాస్కోండ్రి."

"మెట్లున్నయా?"

రజిత ఫారం వైపు తొంగిచూసింది. "మీ కాయితంల ఇంకేమేమున్నయ్ మేడం?" అని అడిగింది, కూరగాయల కొట్టు ముందు నిలబడ్డ మనిషిలా.

స్వరూపకు నవ్వు వచ్చింది. నవ్వినందుకు సిగ్గు కూడా వేసింది. కలం మూసి, మామూలుగా అడిగింది. "నిజం చెప్తే ఏమైతది?"

"ఏమైతది మేడం, ఇంటికి పోవాలె గద! ఈడ నాలుగు దినాలు ఉంచుతరు. సిస్టరమ్మ సల్లగుండ, పాలు గూడ పోస్తది. తరువాత? ఆయన ఆడ్నే ఉంటడు. నేను ఆడికే పోవాలె. నేను జారినననుకో, ఆయనకు గూడ మంచిదే, నాకు గూడ మంచిదే."

ఆ రోజు ఇంటికి వెళ్లేలోపు స్వరూప ఫారంలో ఒక్క గడి అదనంగా చేర్చింది. 'జారిన సమయంలో సమీపంలో ఉన్నవారు'. ప్రథమ చికిత్సకు ఉపయోగపడుతుందని చెప్పి సమితి చేత దానికి ఆమోదముద్ర వేయించింది.

మూడు నెలలు తిరిగింది. మొత్తం లెక్క తేలింది. జిల్లాలో పన్నెండు వందల అరవై మూడు మంది జారిపడ్డారు. వాళ్లలో మగవాళ్లు నలుగురు. ఒకడు నిచ్చెన మీది నుంచి, ఇద్దరు కల్లు దుకాణం ముందున్న మురుగు మోరీలో, ఒకడు అరటి తొక్క మీద కాలేసి పడ్డారు. నిజంగా జారినవాళ్లు ఆ నలుగురే. తక్కిన పన్నెండు వందల యాభై తొమ్మిది మందీ ఆడవాళ్లు. అందరూ ఇంట్లోనే పడ్డారు, అందరూ భర్త ఇంట్లో ఉన్న సమయంలోనే పడ్డారు. ఇక ఈ అంకెలే మాట్లాడతాయి, తాను నోరు విప్పనక్కర్లేదనుకుంది స్వరూప.

నివేదిక చదువుతుంటే ప్రభంజన్ రావు ముఖం గంభీరంగా మారింది. సమితి సభ్యులు కుర్చీల్లో ముందుకు జరిగారు.

"ఇది అత్యంత ఆందోళనకరమైన పరిణామం" అన్నాడతను.

స్వరూప చివరి గడి ఉన్న పేజీ తీసి పట్టుకుంది.

"జిల్లాలోని నేలలు ఇంత నునుపుగా ఉన్నాయన్న సంగతిని ఇంతవరకు ఏ శాఖా గుర్తించకపోవడం శోచనీయం."

"సార్, చివరి గడి చూడండి. ప్రతి ఒక్కరి పక్కనా భర్త ఉన్నాడు."

"చూశాను మేడమ్, చూసి కదిలిపోయాను. భార్య పడిన క్షణంలో భర్త పక్కనే ఉన్నాడు! కుటుంబ బంధాలు పటిష్ఠంగా ఉన్నాయనడానికి ఇంతకన్నా నిదర్శనం ఏం కావాలి?" అని అతను ఆ వాక్యాన్ని మినిట్స్‌లో రాయించాడు.

*

నేలల సంగతి తేల్చడానికి ఇంజనీరింగ్ కళాశాల నుంచి ఘనశ్యామ్ అనే ప్రొఫెసర్‌ను నియమించారు. మంచివాడు. ప్రపంచంలో ఆయనకు నేలలు తప్ప మరేమీ పట్టదు. తాడు కట్టిన ఒక చెక్క దిమ్మ, లాగుడు బలం కొలిచే ఒక ముల్లు పట్టుకుని స్వరూప వెంట ఇంటింటికీ తిరిగాడు. బీడీ కాలనీలో రజిత ఒంటిగది ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. పేడతో అలికిన మట్టినేల. గిన్నెలు తోమడానికి గుమ్మం పక్కన ఒక్క షాబాద్ బండ. ఘనశ్యామ్ మట్టినేల మీద దిమ్మను ముందుకు లాగాడు, వెనక్కు లాగాడు, కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ లాగాడు.

"ఇదేమిటమ్మా, ఈ నేల మీద జారడం శాస్త్రరీత్యా అసాధ్యం. మేకు దిగ్గొట్టినట్టు నిలబెడుతుంది. ఇక్కడ మనిషి పడాలంటే వెనకనుంచి కనీసం నలభై కిలోల బలం వచ్చి తగలాలి."

"అదే రాయండి సార్" అంది స్వరూప ఆత్రంగా. "మీరు చెప్పింది చెప్పినట్టు రాయండి."

ఆయన నిజాయితీపరుడు. చెప్పింది చెప్పినట్టే రాశాడు. 'జారుడుకు నేల కారణం కాదు. బాహ్యబలమే కారణం.'

సమితి ఆ వాక్యం మీద రెండు గంటలు చర్చించింది. బాహ్యబలం అంటే బయటినుంచి వచ్చే బలం. బయటినుంచి వచ్చేది గాలి. కావున జిల్లాలోని మహిళలందరూ గాలి వీచే వేళల్లో కిటికీలు, తలుపులు మూసి ఉంచవలెననీ, గాలికి తట్టుకుని నిలబడే విధానంలో వారికి నడక శిక్షణ ఇవ్వవలెననీ తీర్మానించారు. తలుపులు మూసుకోమన్న సలహా విని ఎస్తేరమ్మ తల పట్టుకుంది.

నడక శిక్షణ మాత్రం ఘనంగా జరిగింది. మైదానంలో సున్నంతో గీతలు గీసి, నాలుగు వందల మంది ఆడవాళ్ల చేత విజిల్‌కు అనుగుణంగా అడుగులు వేయించారు. నెత్తి మీద నీళ్లబిందెతో, చంకలో బీడీ ఆకుల మూటతో పదేళ్లుగా నడుస్తున్న మనుషులు వాళ్లు. రజితకు మొదటి బహుమతి వచ్చింది. బాత్రూమ్‌లో పరుచుకునే రబ్బరు పట్టా అది. దాన్ని ఇంటికి తీసుకుపోయి బీడీ ఆకులు ఆరబెట్టుకోవడానికి వాడుకుంది. మూడోనాడు మళ్లీ జారి ఆసుపత్రికి వచ్చింది.

"ఫస్టు ప్రైజ్ ఒచ్చిన మనిషివి, నువ్వే జారితే ఎట్ల?" అంది ఎస్తేరమ్మ కట్టు కడుతూ.

"బహుమతి ఎందుకు తెచ్చుకున్నవని నా మీదికి లేసిండు సిస్టరమ్మా. మైదానంల నన్ను ఎవరెవరు జూసిండ్రో చెప్పుమన్నడు."

ఈలోగా విద్యాశాఖ కూడా తన వంతు ఉత్సాహం చూపించింది. అయిదో తరగతిలో 'మన నేల' అనే పాఠం చేరింది. అర్ధ సంవత్సర పరీక్షలో ప్రశ్న ఇచ్చారు. 'మీ ఇంటిలో అమ్మ జారిపడుటకు గల కారణము నొకదానిని వ్రాయుము.' సరైన జవాబు 'నేల తడిగా నుండుట'. జిల్లాలోని పిల్లల్లో నూటికి ఎనభై మంది ఆ మాట రాయలేదు. మాస్టర్లు నేర్పిన చక్కని వ్యాకరణంతో 'నాన్న ఇంటికి వచ్చుట' అని రాశారు. నియమం ప్రకారం అందరికీ సున్నాలు పడ్డాయి. ఉత్తీర్ణత శాతం ఒక్కసారిగా పడిపోయింది. ఉత్తీర్ణత పడిపోతే పై నుంచి ప్రశ్నలు వస్తాయి. అందుకని విద్యాశాఖ వారంలోపే సర్క్యులర్ పంపింది. 'ఉభయ సమాధానములను సరియైనవిగా పరిగణించి పూర్తి మార్కులు వేయవలెను.'

ఆ సర్క్యులర్ ప్రతి ఒకటి స్వరూప చేతికి వచ్చింది. రెండుసార్లు చదువుకుని, దాన్ని ఎందుకు దాచుకుంటోందో తనకే తెలియకుండా దాచుకుంది.

పోలీసులకు వచ్చిన చిక్కు వేరు. జారిపడిన మనిషి ఫిర్యాదు ఇస్తే ఎవరి మీద కేసు కట్టాలి? పై అధికారులు ఆలోచించి, పదేపదే జారుడు జరిగే ఇళ్లలో 'కారకమైన ఉపరితలం' మీద చర్య తీసుకోమన్నారు. హెడ్ కానిస్టేబుల్ నర్సింగం ముప్పై ఏళ్ల సర్వీసులో ఏ ఉత్తర్వునూ కాదన్న మనిషి కాదు. రజిత ఇంటి ముందరి షాబాద్ బండను నలుగురి చేత ఎత్తించి, ఆటోలో కోర్టుకు తీసుకుపోయాడు. సాక్షిగా రమ్మంటే స్వరూప కూడా వెళ్లింది.

మేజిస్ట్రేట్ రిటైర్‌మెంట్‌కు దగ్గరపడిన పెద్దావిడ. ఫైలు చూసి, "ముద్దాయి ఎక్కడ?" అని అడిగింది.

"గదే మేడం" అని నర్సింగం నేల మీద ఆనించి ఉన్న బండను చూపించాడు.

ఆవిడ బండ వంక చూసింది, నర్సింగం వంక చూసింది, ఉత్తర్వు మీది సంతకాలను చూసింది. సంతకాలు చాలా పెద్దవాళ్లవి. "ముద్దాయి చెప్పుకొనేది ఏమైనా ఉందా?" అని నిదానంగా అడిగింది. కోర్టంతా ఒక నిమిషం బండ వైపే చూస్తూ కూర్చుంది. 'ముద్దాయి మౌనం వహించినది' అని గుమాస్తా రాసుకున్నాడు. పద్నాలుగు రోజుల రిమాండ్ పడింది. నెల తిరిగేసరికి జైలు ఆవరణలో నూట అరవై బండలు పోగయ్యాయి. వీటిని ఏ బ్యారక్‌లో ఉంచవలెనో, రోజూ హాజరు ఎవరు చెప్పవలెనో తెలియజేయగోరుతూ జైలు సూపరింటెండెంట్ రాసిన ఉత్తరానికి ఎవరూ జవాబివ్వలేదు.

*

బండ జైల్లో ఉండగానే రజిత ఎనిమిదోసారి ఆసుపత్రికి వచ్చింది. ఈసారి కుడిచెయ్యి ఎముక విరిగింది. బీడీలు చుట్టే చెయ్యి.

స్వరూప వెళ్లేసరికి చేతికి సిమెంటు కట్టు వేసి ఉంది. రజిత ఆమెను చూసి నవ్వబోయింది. పెదవి చిట్లి ఉండడంతో నవ్వు సగంలో ఆగింది.

"బండను జైల్ల పెట్టిండ్రు గద అక్కా. గిప్పుడు నేను దేని మీద జారిననని రాస్తవు?"

'మేడం' పోయి 'అక్కా' ఎప్పుడు వచ్చిందో స్వరూప గమనించలేదు. ఫారం సంచిలోంచి తీయనే లేదు. ఎస్తేరమ్మ వచ్చి మంచం అవతల నిలబడింది. గొంతు తగ్గించింది గాని కోపం తగ్గలేదు.

"నువ్ మంచిదానివే స్వరూపా. కానీ నువ్ రాసుడు, వాళ్లు సంతకం బెట్టుడు, ఈ పిల్ల వచ్చుడు. నా దూది అయిపోతున్నది తప్ప ఏం ఒరిగింది?"

స్వరూప మొదటి మూడు నెలల్లోనే పన్నెండు వందల అరవై మూడు ఫారాలు నింపింది. వాటి పుణ్యాన కిటికీలు మూశారు, బండలను అరెస్టు చేశారు, నడక నేర్పారు. వాటన్నిటిలోనూ తన అక్షరాలు ఉన్నాయి. తల ఎత్తి, ఇన్ని నెలల్లో ఏ ఫారంలోనూ లేని ప్రశ్న అడిగింది.

"నీకేం కావాలె రజితా?"

ఆ ప్రశ్న రజితను ఇంతవరకు ఎవరూ అడిగినట్టు లేదు.

"కేసులద్దు అక్కా. జైలద్దు. జైలుకు పోతే మల్లొచ్చి ఇంకింత జేస్తడు. జర కొన్ని దినాలు ఆయన ఇంట్ల లేకుంటే సాలు. చెయ్యి అతుకుతది. పిల్ల నిమ్మలంగ పంటది. అప్పటిదాంక నేను జర నిలబడ్త."

స్వరూప ఇంటికి పోయి మూడు రోజులు సెలవు పెట్టింది. ఆఫీసు భాష ఆమెకు పరాయిది కాదు. ఆర్నెల్లుగా అందులోనే ఈదుతోంది. ఘనశ్యామ్ నివేదిక ఒక పక్కన, విద్యాశాఖ సర్క్యులర్ మరో పక్కన, తన లెక్కలు ముందు పెట్టుకుని రాసింది. పేరు 'నేల విశ్రాంతి నియమావళి'.

అందులో సారం చాలా తేలిక. పదేపదే జారుడు జరిగిన గృహంలో నేల తీవ్రమైన ఒత్తిడికి లోనైనట్టు భావించవలెను. అట్టి నేలకు తొంభై రోజుల విశ్రాంతి ఇవ్వవలెను. విశ్రాంతి కాలంలో నేలపై అనవసర భారాన్ని తగ్గించవలెను. జారుడు సమయంలో ప్రతిసారీ సమీపంలో ఉన్న భారాన్నే అనవసర భారముగా పరిగణించవలెను. దీనికి ఆధారంగా విద్యాశాఖ వారు సరియైనదిగా అంగీకరించిన రెండో సమాధానాన్ని చూడవచ్చును. సదరు భారము ఏ తప్పూ చేయలేదు గనుక దానిపై ఎట్టి చర్యా ఉండదు. తొంభై రోజుల తరువాత నేల ఆరినదని ఆ ఇంటి మహిళ ధ్రువీకరించిన పిదపనే భారము తిరిగి ప్రవేశించవలెను. ఆరనిచో విశ్రాంతిని పొడిగించవలెను. నేల స్వభావం దాని మీద నడిచేవారికే తెలుస్తుంది గనుక ఇందులో ఆమె మాటే తుది మాట.

దానికి పద్నాలుగు అనుబంధాలు జోడించింది. ఘనశ్యామ్ దగ్గరికి తీసుకువెళితే ఆయన మొత్తం చదివి, చివర ఆగి, మొదటిసారి నేల మీంచి కళ్లెత్తి ఆమె ముఖం చూశాడు. తరువాత, "భారం తగ్గిస్తే స్థిరత్వం పెరుగుతుందమ్మా. అది మా శాస్త్రంలో తిరుగులేని సూత్రం" అని సంతకం పెట్టాడు.

సమితి సమావేశంలో ప్రభంజన్ రావు ఆ కట్ట బరువు చూసి ముచ్చటపడ్డాడు.

"ఇందులో హింస అనే మాట ఎక్కడైనా ఉన్నదా మేడమ్?"

"లేదు సార్."

"ఎవరినైనా శిక్షించమని కానీ, దోషిగా పేర్కొనమని కానీ?"

"లేదు సార్. ఎవరి తప్పూ లేదని మూడు చోట్ల రాశాను. నేలకు విశ్రాంతి, అంతే."

"ఇదీ నిర్మాణాత్మక దృక్పథం అంటే" అని ఆయన సభ్యుల వైపు తిరిగాడు. నాలుగు నిమిషాల్లో నియమావళి ఆమోదం పొందింది.

*

ఉత్తర్వు పట్టుకుని నర్సింగం మొదట బీడీ కాలనీకే వెళ్లాడు. రజిత భర్త తిరుపతి గుమ్మంలో గడ్డం గీసుకుంటున్నాడు. పోలీసును చూసి గబుక్కున లేచాడు.

"నా మీద కేసు పెట్టిందా?"

"లేదు తమ్మీ. నీ మీద కేసేంది, సూది మొనంత మచ్చ గూడ లేదు. సామాన్లు సదురుకో."

"ఎందుకు? నేనేం జేసిన?"

"నువ్వేం జేయలే. గా ముక్కే కాయితంల మూడు జాగల రాసి ఉన్నది, సూడు. మీ నేల అలిసిపోయిందట. తొంభై దినాలు దాని మీద బరువు పడొద్దట."

"బరువంటే?"

నర్సింగం కాయితం దగ్గరగా పెట్టుకుని చదివి, అతన్ని పైనుంచి కిందిదాకా చూశాడు. "ఎంత తూగుతవు?"

"డెబ్బై రెండు కిలోలు."

"గదే."

తిరుపతి అరిచాడు, నేల మీద చెయ్యేసి పరీక్షించాడు, నేల బాగానే ఉందని వాదించాడు. వాదించడానికి ఆ కాయితంలో ఏమీ దొరకలేదు. నేరం మోపితే కాదనవచ్చు, శిక్ష వేస్తే పై కోర్టుకు పోవచ్చు. నేలకు విశ్రాంతి వద్దని ఏ కోర్టుకు పోతాడు? మధ్యాహ్నానికి చేతిసంచితో ఆటో ఎక్కాడు. రజిత గోడ పట్టుకుని నిలబడి ఆటో మలుపు తిరిగేదాకా చూసింది. తరువాత లోపలికి వచ్చి, గది మధ్యలో చాపేసుకుని, పగటిపూటే కాళ్లు బారజాపి పడుకుంది. చూసిపోదామని వచ్చిన స్వరూప గుమ్మం దగ్గరే ఆగి, అలికిడి చేయకుండా తిరిగి వెళ్లిపోయింది.

ఇల్లు వదిలిన భారాలకు ఎక్కడా చోటు లేకపోవడంతో అందరినీ అజారుడు భవనంలో ఉంచారు. పదిహేను రోజుల్లో ఆ హాలు ఆరు వందల మందితో నిండింది. అక్కడ అన్నం ఎవరికి వారే వండుకోవాలి, గిన్నెలు ఎవరికి వారే తోముకోవాలి. మొదటి వారం పప్పులో ఉప్పు విషయమై పదకొండు మంది మగవాళ్లు ఒకరి పక్కన ఒకరు జారిపడ్డారు. పాలరాతి నేల కదా అని రాసుకున్నారు. తరువాత వాళ్లంతట వాళ్లే నిలబడడం నేర్చుకున్నారు. ఎదుటివాడి బరువు కూడా డెబ్బై కిలోలేనని అర్థమయ్యాక, ఏ శిక్షణా అవసరం పడలేదు.

ఆసుపత్రి రిజిస్టర్‌లో జారుడు గడి ఖాళీ అయింది. మార్చి నెలలో ఒక్కరు కూడా రాలేదు. ఎస్తేరమ్మ రెండుసార్లు రిజిస్టర్ తిరగేసి, మంచాల మీది దుప్పట్లన్నీ ఉతికించింది. సమితి ఈ విజయాన్ని నడక శిక్షణ ఖాతాలో వేసుకుంది.

అదే నెలాఖరున ప్రభంజన్ రావు కొత్త దరఖాస్తుల జాబితా మీద వరుసగా సంతకాలు పెడుతూ పోతూ, ఒక పేజీ దగ్గర కలం ఎత్తాడు. ఆఫీసర్స్ కాలనీ, మూడో నంబరు క్వార్టర్. దరఖాస్తుదారు సులోచన. నేల: గ్రానైట్. సమీపంలో ఉన్నవారు: భర్త, ప్రభంజన్ రావు. స్వరూప ఫైలులోకే చూస్తూ కూర్చుంది.

"ఇందులో ఏదో పొరపాటు జరిగి ఉంటుంది" అన్నాడతను.

"మనం ఆమె మాటను యథాతథంగా నమ్ముతాం కదా సార్" అంది స్వరూప, చాలా మర్యాదగా.

అప్పటినుంచి ప్రభంజన్ రావు కూడా భవనంలోనే ఉంటున్నాడు. తనిఖీ నిమిత్తం అని బోర్డు పెట్టుకున్నాడు.

*

ఏప్రిల్ చివరలో మొదటి విడత గడువు ముగిసింది. ధ్రువపత్రాలు త్వరగా రాబట్టాలని సమితి స్వయంగా కదిలింది. ఎండ నలభై అయిదు డిగ్రీలుంది. బీడీ కాలనీ రోడ్డు మీద తారు మెత్తబడి చెప్పులకు అంటుకుంటోంది. ప్రభంజన్ రావు, ఘనశ్యామ్, నర్సింగం, స్వరూప వచ్చి రజిత గుమ్మం ముందు నిలబడ్డారు. వీధి చివర తిరుపతి చేతిసంచితో కాచుకుని ఉన్నాడు. అతని వెనక మరో ముప్పై మంది సంచులతో ఉన్నారు.

రజిత చేతికట్టు విప్పేశారు. చాట ఒళ్లో పెట్టుకుని, కుడిచేత్తో గబగబా బీడీలు చుడుతోంది. పక్కన కూతురు బోర్లా పడుకుని బొమ్మలు వేసుకుంటోంది. నేల ఎండి, మూలల్లో సన్నగా నెర్రెలు విచ్చింది. ఘనశ్యామ్ వంగి ఒక చిటికెడు మన్ను తీసి వేళ్ల మధ్య నలిపాడు. పొడిపొడిగా గాలికి ఎగిరిపోయింది.

ప్రభంజన్ రావుకు గడ్డం మాసి ఉంది. చొక్కా తనే ఉతుక్కున్నట్టు తెలుస్తోంది. ఎప్పుడూ లేనంత వినయంగా కాయితం చాచాడు.

"అమ్మా, ఇక్కడ ఒక సంతకం పెడితే చాలు. నేల ఆరినది అని. చూడండి, కళ్లకు కనిపిస్తూనే ఉంది కదా."

రజిత బీడీ చుట్టడం ఆపలేదు. చుట్టిన బీడీకి దారం కట్టి, కొస తెంపి, చాటలో పడేసింది. అప్పుడు నేల వంక ఒకసారి, వీధి చివర సంచి పట్టుకున్న మనిషి వంక ఒకసారి తీరిగ్గా చూసింది.

"ఇంక ఆరలే సార్."

"ఆరలేదా?" ప్రభంజన్ రావు ఘనశ్యామ్ వైపు తిరిగాడు. "ప్రొఫెసర్ గారూ, మీరు చెప్పండి, శాస్త్రరీత్యా..."

ఘనశ్యామ్ వేళ్లకంటిన దుమ్మును పంచెకు తుడుచుకున్నాడు. "నియమావళిలో ఆమె మాటే తుది మాట సార్."

"మరి ఎప్పుడు ఆరుతుందమ్మా? సుమారుగానైనా?"

"ఎట్ల జెప్తం సార్" అంది రజిత మరో ఆకు అందుకుంటూ. "మట్టినేల గద. లోపల్నుంచి ఆరాలె."

నర్సింగం ఫారంలో 'తడి' అని రాసుకుని, కాలర్ కింద చెమట తుడుచుకుని, పక్కింటి తలుపు కొట్టాడు.

పక్కింటామె అప్పటికే గుమ్మంలో నిలబడి ఉంది.

"మాది గూడ ఆరలేదు సార్" అంది.